పంపుహౌస్ చిత్రాన్ని పత్రాల జాబితాతో ముడివేయడం: విజియో, షేర్‌పాయింట్ వాడేవారికి

శ్రీశైలం జలాశయం నీటిని ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు వద్ద మూడు దశల్లో ఎత్తిపోసే మహాత్మాగాంధీ కల్వకుర్తి పథకం వంటి దానికి ఒక పేజీలో ప్రవాహ చిత్రం గీయడం కష్టం కాదు. కానీ ప్రతి పంపుహౌస్ పక్కన తాజా డ్రాయింగ్ సంఖ్య, రివిజన్, ఆమోద స్థితి చేత్తో టైపు చేసి పెడితే, పత్రం మారిన మరునాటి నుంచే ఆ చిత్రం తప్పుడు సమాచారం ఇస్తుంది. ఆ వివరాలు షేర్‌పాయింట్ (పత్రాలు, జాబితాలు అందరూ పంచుకునే మైక్రోసాఫ్ట్ వేదిక) జాబితాలో ఒక్కచోటే ఉండి, ముందుగా తయారుచేసుకున్న విజియో (మైక్రోసాఫ్ట్ వారి రేఖాచిత్రాల సాఫ్ట్‌వేర్) ఆకృతులు అక్కడి నుంచే వాటిని తీసుకునేలా చేసే పద్ధతిని ఇదే పథకాన్ని ఉదాహరణగా తీసుకొని వివరిస్తాను. డేటాతో ముడివేసే సౌకర్యం విజియో ప్రొఫెషనల్, ప్లాన్ 2 కూర్పులలో ఉంటుంది. స్టాండర్డ్ కూర్పులో ఉండదు కనుక పని మొదలుపెట్టే ముందే ఆ సంగతి చూసుకోవాలి.

మొదట చక్కదిద్దవలసింది చిత్రాన్ని కాదు, జాబితాను. ఒక డేటా మూలం నుంచి ఒక ఆకృతికి ఒకే వరుస ముడిపడుతుంది కాబట్టి, జాబితాలో కూడా ఒక్కో పంపుహౌస్‌కు ఒక్కో వరుసే ఉండాలి. స్థలం పేరు, డ్రాయింగ్ సంఖ్య, రివిజన్, స్థితి, ఆమోద తేదీ, పత్రానికి లింకు అనే నిలువు వరుసలు సరిపోతాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ప్రతి వరుసను విడిగా గుర్తించే కీ. విజియో రిఫ్రెష్ చేసిన, అంటే జాబితా నుంచి తాజా వివరాలు తెచ్చుకున్న, ప్రతిసారీ ఏ వరుస ఏ ఆకృతిదో ఆ కీని బట్టే పోల్చుకుంటుంది.

కీలో జిల్లా పేరును గానీ దాని పొడి అక్షరాలను గానీ ఇరికించవద్దని గట్టిగా చెబుతాను. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. పై మూడు పంపుహౌస్‌లూ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నాయి. పాత జిల్లా అక్షరాలతో కట్టిన కీని కొత్త జిల్లాకు తగ్గట్టు దిద్దితే, విజియో దృష్టిలో పాత వరుస మాయమై, ఎక్కడా ముడిపడని కొత్త వరుస వచ్చినట్టవుతుంది. అందుకే అర్థమేమీ లేని వరుస సంఖ్యే మేలు. షేర్‌పాయింట్ తనంతట తాను ఇచ్చే ఐడీ సంఖ్య ఇందుకు చక్కగా పనికివస్తుంది. అయితే వరుసను తొలగించి మళ్లీ చేర్చితే ఆ సంఖ్య మారిపోతుంది కనుక, ఉన్న వరుసనే దిద్దే అలవాటు చేసుకోవాలి.

తెలుగులో పేర్లు నింపేవారికి మరో చిక్కు ఉంది. ‘గుడిపల్లిగట్టు’, ‘గుడిపల్లి గట్టు’ మనకు ఒకటే అయినా కంప్యూటర్‌కు రెండు వేర్వేరు విలువలు. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో టైపు చేసిన పేర్లను అలాగే అతికిస్తే జాబితాలో అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. స్థలం పేరు, స్థితి వంటివాటికి ‘చాయిస్’ రకం నిలువు వరుస పెట్టి, ముందే ఇచ్చిన విలువల్లోంచి మాత్రమే ఎంచుకునేలా చేస్తే ఈ బెడద తీరుతుంది.

ఇక ఆకృతి తయారీ. ఖాళీ పేజీపై పంపుహౌస్ గుర్తును గీసి, దానిపై కుడి క్లిక్ చేసి, ‘డేటా’లోని ‘డిఫైన్ షేప్ డేటా’ను తెరిచి, జాబితాలోని నిలువు వరుసల పేర్లనే అక్షరం పొల్లుపోకుండా లేబుళ్లుగా ఇవ్వాలి. లేబుల్ కలిస్తే విలువ అందులోనే చేరుతుంది. కలవకపోతే విజియో పక్కనే మరో కొత్త గడిని సృష్టిస్తుంది, మీరు సిద్ధం చేసిన గడి ఖాళీగా మిగిలిపోతుంది. ఆ తర్వాత డేటా గ్రాఫిక్‌తో, అంటే ఆకృతిలోని విలువలను పేజీ మీద చూపించే ఏర్పాటుతో, రివిజన్‌ను అక్షరాలుగా, స్థితిని ఐకాన్‌గా చూపించాలి. రంగుతో చూపే ఏర్పాటు కూడా ఉంది కానీ, నలుపు తెలుపు ప్రింటు తీసే కార్యాలయంలో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగులోకి దిగుతాయి. ఆకృతి సిద్ధమయ్యాక దానిని మీ సొంత స్టెన్సిల్‌లోకి (ఆకృతులను దాచుకునే సంచయంలోకి) లాగి దాచుకుంటే అది మాస్టర్, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే మూల ఆకృతి, అవుతుంది.

మాస్టర్‌ను ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకే వాడకంలోకి తేవాలి. ప్రతి చిత్రం తాను వాడుకున్న మాస్టర్‌కు సొంత నకలును తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి, స్టెన్సిల్‌లో తర్వాత చేసిన మార్పు పాత చిత్రాలకు చేరదు.

జతచేయడం పెద్ద పనేమీ కాదు. ‘డేటా’ ట్యాబ్‌లో ‘కస్టమ్ ఇంపోర్ట్’ నొక్కి, షేర్‌పాయింట్ జాబితాను మూలంగా ఎంచుకుని, సైటు చిరునామా ఇచ్చి, జాబితాను చూపిస్తే వరుసలన్నీ ‘ఎక్స్‌టర్నల్ డేటా’ కిటికీలో కనిపిస్తాయి. స్టెన్సిల్‌లో మాస్టర్‌ను ఎంచుకుని ఉంచి వరుసను పేజీ మీదికి లాగితే ఆకృతి వివరాలతో సహా వస్తుంది. ముందే గీసి ఉన్న ఆకృతి మీద వదిలితే దానికే ముడిపడుతుంది. ముడిపడిన వరుస ముందు గొలుసు గుర్తు కనిపించాలి.

తర్వాత ‘రిఫ్రెష్ ఆల్’ కింద ఉండే అమరికల్లోకి వెళ్లి, కీ నిలువు వరుస సరిగ్గా ఎంపికైందో లేదో చూసి, ఎన్ని నిమిషాలకోసారి తాజా వివరాలు రావాలో నిర్ణయించండి. ఈ ప్రవాహం ఒకే దిశలో సాగుతుంది: విజియోలో మీరు దిద్దిన విలువ జాబితాకు వెళ్లదు. చిత్రంలో తప్పు కనిపిస్తే జాబితాలోనే సరిచేయాలని పనిచేసే వారందరికీ ముందే చెప్పి ఉంచాలి. జాబితాలోంచి వరుసను తీసేస్తే విజియో ఆ విభేదాన్ని విడిగా చూపించి, ఆకృతిని ఉంచాలా తొలగించాలా అని అడుగుతుంది. నిర్మాణం క్షేత్రంలో ఉన్నంతకాలం ఆకృతిని తొలగించకండి.

చిత్రాన్ని బయటివారికి, ఉదాహరణకు కాంట్రాక్టరుకు, పంపేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. దిగుమతి చేసుకున్న వరుసల నకలు విజియో ఫైలులోనే ఉంటుంది కాబట్టి, షేర్‌పాయింట్‌లో అనుమతి లేని వ్యక్తి కూడా ఆ ఫైలు తెరిచి పేజీ మీద చూపించని వరుసలను చదవగలడు. పంపే ప్రతిని పీడీఎఫ్‌గా మార్చండి. విజియో ఫైలే ఇవ్వవలసి వస్తే, వేరే నకలు తీసి, ‘రిమూవ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్’ ద్వారా అందులో నిల్వ ఉన్న బయటి డేటాను తొలగించాకే అందజేయండి.