గుడి గోడ మీది శాసనం: ఫోటో తీసే పద్ధతి, తేదీ లెక్క

మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరం కనపడదు. ఎండ తిన్నగా పడితే గాట్లలో నీడ ఉండదు. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ వెళ్లండి. నీడపట్టున ఉన్న గోడైతే టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. ఎడమ, కుడి, పైన, కింద, ఇలా నాలుగు వైపులా వెలుతురు మార్చి నాలుగు ఫోటోలు. కెమెరా మాత్రం కదలకూడదు. పక్కన ఒక స్కేలు పెట్టండి. శాసనం పొడవైతే ప్రతి ఫోటోలో ముందుదాని మూడోవంతు మళ్లీ రావాలి, లేకపోతే పంక్తులు కలవవు.

సుద్దపొడి, పిండి, నూనె పూయొద్దు. మీరు ఊహించుకున్న గీతే తెల్లగా తేలుతుంది, అసలు అక్షరం పోతుంది. పాత సున్నం ఉంటే గీకకండి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం వరకే.

శాసనం మొదట్లో వచ్చే ‘స్వస్తిశ్రీ’ దగ్గర మొదలుపెట్టి శకవర్షం వెతకండి. దానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: ఉదయగిరి కోట కృష్ణదేవరాయల చేతికొచ్చిన శక 1436 అంటే 1514. జనవరి నుంచి ఫాల్గుణం చివరిదాకా అయితే 79.

నెల్లూరు వైపు గుళ్లలో తమిళ శాసనాలూ ఉంటాయి. లిపి బొత్తిగా కొరుకుడు పడకపోతే ముందు అది తమిళమేమో చూసుకోండి. 1905లో మూడు సంపుటాలుగా అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల్లో ఆ ఊరిపేరు వెతికితే సగం పని తప్పుతుంది.