24 గంటల నొప్పి: ముందు చేత్తో పరీక్ష, తర్వాతే స్కాన్

మన జనం పెద్దపేగుకు తోకలా వేలాడే అపెండిక్స్ వాచే జబ్బు, అపెండిసైటిస్‌ని 24 గంటల కడుపునొప్పి అంటారు. పేరు ఊరికే రాలేదు, ఆలస్యమయ్యే కొద్దీ అపెండిక్స్ పగిలే ప్రమాదం పెరుగుతుంది. క్యాజువాలిటీలో కొత్తగా డ్యూటీ చేస్తున్న డాక్టర్లు స్కాన్ రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

నొప్పి మొదట ఎక్కడ పుట్టిందో అడగండి. బొడ్డు చుట్టూ మొదలై, కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగి అక్కడే నిలిచిపోతే అనుమానం బలపడుతుంది. వాంతులు సాధారణంగా నొప్పి తర్వాతే వస్తాయి. వాంతులూ విరేచనాలూ ముందొస్తే వేరే కారణం కూడా వెతకండి.

మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, నొప్పి లేని ఎడమవైపు నుంచి మెల్లగా నొక్కుతూ రండి. మీ చూపు రోగి మొహం మీద ఉండాలి. కుడి తుంటి ఎముక ముందు కొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, ఎముక నుంచి మూడో వంతు దూరంలో ఉండేది మెక్‌బర్నీ పాయింట్. అక్కడ వేలు పెట్టగానే నుదురు ముడుచుకుంటుంది. లోతుగా నొక్కి చటుక్కున వదిలి బాధపెట్టనక్కర్లేదు, దగ్గమంటే చాలు, అక్కడే నొప్పి పుడుతుంది. నొప్పి మందు ఇస్తే రోగం కప్పబడిపోతుందన్నది పాత భయం, ఇవ్వండి.

అపెండిసైటిస్ అనుమానం ఎంత బలమైనదో అంకెల్లో చెప్పే అల్వరాడో స్కోరు పదికి లెక్క. కుడి కింద నొక్కితే నొప్పికి 2, తెల్లకణాలు పదివేలు దాటితే 2. నొప్పి జరగడం, ఆకలి లేకపోవడం, వాంతి లేదా వికారం, వదిలినప్పుడు నొప్పి, 37.3 డిగ్రీలు దాటిన జ్వరం, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ పెరగడం, వీటికి ఒక్కొక్కటి. 7 గానీ అంతకు మించి గానీ వస్తే సర్జన్‌ని పిలవండి. 5, 6 వచ్చినవాళ్లే చిక్కు. వాళ్లను ఇంటికి పంపకుండా ఉంచి, నాలుగైదు గంటలకోసారి అదే డాక్టరు చేత్తో మళ్లీ చూడండి.

గర్భం వచ్చే వయసు ఆడవాళ్లకు ప్రెగ్నెన్సీ టెస్ట్ ఎప్పుడూ మానొద్దు. మూత్రంలో కొద్దిగా చీముకణాలున్నాయని ఇన్ఫెక్షన్‌గా తేల్చేయొద్దు, వాచిన అపెండిక్స్ మూత్రనాళానికి ఆనుకున్నా అలాగే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు దాటి, ప్రోబ్‌తో నొక్కినా అణగకపోతే అదే. "కనిపించలేదు" అంటే "లేదు" అని కాదు, సీకం (పెద్దపేగు మొదటి భాగం) వెనక దాక్కుని ఉండొచ్చు. అప్పుడు సీటీ. మన దగ్గర ఇలాంటి నొప్పే తెచ్చే టైఫాయిడ్‌నీ, పేగు టీబీనీ కూడా గుర్తుంచుకోవాలి.

ఖాయమైతే నోటికేమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టండి. కోతకు ముందు గంట లోపు సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ పడాలి. లాపరోస్కోపీలో (కెమెరాతో చేసే ఆపరేషన్) మూడు పోర్టులు, అంటే పరికరాలు దూర్చే చిన్న రంధ్రాలు. టేబుల్‌ని తల వైపు కిందికి దించి, ఎడమకు వాల్చితే పేగులు పక్కకు జారతాయి. అపెండిక్స్ దొరక్కపోతే సీకం మీద నిలువుగా ఉండే టీనియా అనే కండర పట్టీ వెంట దిగండి, అది అపెండిక్స్ మొదలు దగ్గరికే చేరుస్తుంది. మొదలు స్పష్టంగా కనిపించకుండా ముడి వేస్తే పొడుగు మొండి మిగిలి, అందులోనే మళ్లీ వాపు వస్తుంది. మొండి 5 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. తీసినదాన్ని సంచిలో పెట్టి బయటికి లాగండి, పోర్టు గాయం చీము పట్టే ప్రమాదం తగ్గుతుంది. దాన్ని బయాప్సీకి పంపడం మరవొద్దు.

నొప్పి హఠాత్తుగా తగ్గి, నాడి వేగం పెరిగి, కడుపు చెక్కలా బిగిస్తే పగిలిందని అర్థం. "తగ్గింది సార్" అన్న మాట విని డిశ్చార్జి రాసి పొరపాటు చేసేది సరిగ్గా అప్పుడే.

నాలుగైదు రోజులు ఆగి వచ్చినవాళ్లకు గడ్డ కట్టి ఉంటే కత్తి పట్టొద్దు, అతుక్కున్న పేగు తెగొచ్చు. గడ్డ అంచును పెన్నుతో గీసి, యాంటీబయాటిక్స్ ఇస్తూ రోజూ కొలవండి. చీము పడితే స్కాన్ చూస్తూ ట్యూబు వెయ్యాలి. నలభై దాటినవాళ్లకు గడ్డ కరిగాక కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూడడం) చెయ్యండి, కొందరిలో ఆ గడ్డ వెనక క్యాన్సర్ ఉంటుంది.