వంటగట్టు మీద ల్యాప్‌టాప్ పెడుతున్నారా?

ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. పోయిన నెల ఒక పక్క ఆఫీసు మీటింగ్ నడుస్తోంది, ఇంకో పక్క పోపు మాడిపోతోంది. కంగారుగా చెయ్యి చాపేసరికి నానబెట్టిన చింతపండు గిన్నె తిరగబడి, రసమంతా కీబోర్డు సందుల్లోకి దిగిపోయింది. పైపైన గుడ్డతో తుడిచి మీటింగ్ కొనసాగించాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. పది నిమిషాలకు స్క్రీన్ ఆరిపోయింది, మదర్‌బోర్డు (లోపలుండే ప్రధాన సర్క్యూట్ బోర్డు) పోయింది.

మీకెప్పుడైనా ఇలా జరిగితే, ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి ఛార్జర్ తీసేయండి. ఫైల్ సేవ్ చేద్దామని ఆగొద్దు. పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత మూత బాగా తెరిచి, కీబోర్డు నేలవైపు ఉండేలా తువ్వాలు మీద గుడారంలా బోర్లించండి. బియ్యం డబ్బాలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టడం వద్దే వద్దు.

చింతపండు రసమో, చారో, చక్కెర వేసిన టీయో అయితే ఆరినంత మాత్రాన సరిపోదు. పులుపు, ఉప్పు, చక్కెర జిగురు లోపలే ఉండి బోర్డు మీది సన్నటి రాగి గీతల్ని మెల్లగా తినేస్తాయి. కాబట్టి "పనిచేస్తుందేమో" అని ఆన్ చేసి చూడకుండా రిపేరు షాపుకి తీసుకెళ్లి, విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (త్వరగా ఆవిరైపోయే స్పిరిట్ లాంటి ద్రవం) శుభ్రం చేయమనండి.

ఇప్పుడు నా ల్యాప్‌టాప్ హాల్లోనే ఉంటుంది. వంట చేస్తూ మీటింగ్ వినాలంటే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటున్నాను.