సిజేరియన్‌కి వెన్నులో మత్తు: ముందురోజు నుంచి కాళ్లు కదిలేదాకా

తేదీ ముందే ఖాయం చేసుకున్న సిజేరియన్లలో ఎక్కువ భాగం వెన్నులో ఇచ్చే మత్తుతోనే జరుగుతాయి. తల్లి మెలకువగా ఉంటుంది, బిడ్డ తొలి ఏడుపు వింటుంది. బిడ్డకు చేరే మందు నామమాత్రం. సూది వేసేది మత్తు డాక్టరే. కానీ అది సరైన చోట పడాలన్నా, ఆ తర్వాత ఏ ఇబ్బందీ ముదరకుండా ఉండాలన్నా తల్లి కూర్చునే తీరు, నోరు తెరిచి చెప్పే మాట చాలా అవసరం.

ముందురోజు

రక్తం పలచబడే మందులు వాడుతుంటే మొదట ఆ సంగతి చెప్పండి. ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ తక్కువ మోతాదులో తీసుకుంటుంటే చివరి డోసుకూ వెన్నుసూదికీ మధ్య 12 గంటలు, ఎక్కువ మోతాదైతే 24 గంటలు ఎడం ఉండాలి. వెన్నెముక లోపల ఖాళీ తక్కువ. అక్కడ రక్తం కారి గడ్డకడితే నరాలు నలిగిపోతాయి. బీపీ రాకుండా ఇచ్చే చిన్న డోసు ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే మాత్రం అడ్డంకి లేదు. ప్లేట్‌లెట్లు 70 వేలు దాటి, తగ్గుముఖం పట్టకుండా ఉంటే సాధారణంగా ముందుకు వెళ్తారు. చిన్నప్పుడు కీళ్లవాతం వచ్చి గుండె కవాటం సన్నబడినవారు, నడుము మీద సెగ్గడ్డ లేదా పుండు ఉన్నవారు, వెన్నెముకకు ఆపరేషన్ అయినవారు అది దాచకూడదు. మత్తు పద్ధతే మారవచ్చు.

అన్నం, టిఫిన్ ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి. నూనె, నెయ్యి ఎక్కువున్నవైతే 8 గంటలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. పాలు, మజ్జిగ, పాలు కలిపిన టీ, గంజి నీళ్ల లెక్కలోకి రావు, అవి ఆహారమే. ‘కొంచెమేగా’ అని అత్తగారో అమ్మో ఇచ్చిన గ్లాసుడు పాలు తాగి ఉంటే ఆ మాట థియేటర్‌లోకి వెళ్లేముందే చెప్పేయాలి.

సూది పడేటప్పుడు

చేతి సిరలోకి 18 గేజ్ ఆకుపచ్చ కాన్యులా (సన్నటి గొట్టం) పెట్టి సెలైన్ మొదలుపెడతారు. బీపీ పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ఛాతీకి ఈసీజీ తగిలిస్తారు. ఆ తర్వాత బల్ల అంచున కూర్చోబెడతారు. కాళ్లు స్టూలు మీద ఆనించి, దిండును పొట్టకి హత్తుకుని, భుజాలు జారవిడిచి, గడ్డం ఛాతీకి ఆనించండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. మెడ వంచితే చాలనుకుని నడుమును నిటారుగా ఉంచుతారు. వంగాల్సింది నడుమే. వీపు పైకెత్తిన పిల్లిలా, డాక్టరు వేలు ఆనిన చోటును ఆయన వైపే వెనక్కి నెట్టండి. అప్పుడు వెన్నుపూసల మధ్య సందు తెరుచుకుంటుంది. సూది ఎముకకు తగిలి మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సి రావడానికి పెద్ద కారణాల్లో నడుము సరిగ్గా వంగకపోవడం ఒకటి.

వీపుకు పూసే మందు చల్లగా ఉంటుంది. అది పూర్తిగా ఆరేదాకా ఆగుతారు, ఎందుకంటే ఆ మందు నరాలకు తగలకూడదు. చర్మం మొద్దుబారడానికి ఒకటి రెండు మి.లీ. లిగ్నోకైన్ ఇస్తారు. అది చీమ కుట్టినట్టు మంటపుడుతుంది. అసలు సూది నడుములో మూడు, నాలుగు లేదా నాలుగు, అయిదు పూసల మధ్య వేస్తారు. వెన్నుపాము సాధారణంగా నడుము మొదటి పూస దగ్గరే ముగుస్తుంది కాబట్టి ఆ కింద సూదికి తగిలేవి నీళ్లలో తేలే నరాల పోగులే. ఒక కాలిలోకి కరెంటు కొట్టినట్టు జిల్లుమంటే ‘కుడి కాలు’ అనో ‘ఎడమ కాలు’ అనో చెప్పండి, కదలకండి. సూది ఏ పక్కకు ఒరిగిందో డాక్టరుకు ఆ మాటతోనే తెలుస్తుంది.

మందు 0.5 శాతం హెవీ బుపివకైన్. చాలామందికి సుమారు 2 మి.లీ., అంటే 10 మి.గ్రా. ఎత్తును బట్టి కొంచెం అటూ ఇటూ. దానికి 10 నుంచి 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ అనే నొప్పి మందు కలుపుతారు. హెవీ అనడానికి కారణం అందులోని డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర. వెన్నునీటి కన్నా బరువు కాబట్టి మందు కిందికి దిగుతుంది, బల్లను వంచి దాన్ని కావాల్సిన మేరకు పారిస్తారు.

మత్తు ఎక్కాక

వెంటనే పడుకోబెట్టి ఎడమ పక్కకు కొంచెం ఒరిగిస్తారు. లేకపోతే గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కేస్తుంది. మొదట పాదాలు వెచ్చబడతాయి, అయిదు నిమిషాల్లో కాళ్లు బరువెక్కుతాయి. స్పిరిట్ దూదితో చల్లదనం ఎక్కడిదాకా తెలుస్తోందో అడుగుతారు. కోత బొడ్డు కిందే అయినా మత్తు రొమ్ముల దాకా ఎక్కాలి. గర్భసంచిని కదిపితే లాగే పొరల నరాలు అంత పై నుంచి వస్తాయి. అందుకే ఈ పరీక్షలో ‘ఫరవాలేదు’ అనకుండా ఉన్నదున్నట్టు చెప్పాలి.

కాళ్ల రక్తనాళాలు సడలడంతో బీపీ పడిపోతుంది. ముందుగా తెలిసే గుర్తు వికారం. వాంతి వచ్చేదాకా చూడకండి, కడుపులో తిప్పగానే చెప్పండి. బీపీ పెంచే ఫెనైలెఫ్రిన్ 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఇస్తే నిమిషంలో సర్దుకుంటుంది.

లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలియడం మామూలే. కోస్తున్నట్టు నొప్పి తెలిస్తే మాత్రం అది మామూలు కాదు. మన ఆడవాళ్లకు ఓర్చుకోవడం నేర్పుతారు, ఇక్కడ ఆ ఓర్పు అక్కర్లేదు. అదనపు మందు ఇవ్వవచ్చు, అవసరమైతే పూర్తి మత్తుకు మారవచ్చు. ఛాతీ బరువుగా అనిపించినా గట్టిగా మాట్లాడగలిగి, చేత్తో పట్టు బిగించగలిగితే భయం లేదు. వేళ్లు పట్టు తప్పుతున్నా, గొంతు సన్నబడుతున్నా మత్తు మరీ పైకెక్కుతోందని అర్థం. క్షణం ఆగకుండా చెప్పాలి.

వణుకు, దురద చాలామందికి వస్తాయి, తగ్గిపోతాయి. బిడ్డకు మొదటి గంటలోనే పాలు పట్టవచ్చు. ఈ మత్తు అందుకు అడ్డు కాదు.

వార్డులో

కాళ్లు రెండు నుంచి నాలుగు గంటల్లో స్వాధీనంలోకి వస్తాయి. సూది వేసి నాలుగు గంటలైనా కాలు నిటారుగా పైకెత్తలేకపోతే మత్తు డాక్టరును పిలిపించండి. నొప్పిమాత్ర మత్తు వదలకముందే మొదలుపెట్టాలి. మొదటిసారి లేచేటప్పుడు పక్కన మనిషి ఉండాలి.

తలగడ లేకుండా 24 గంటలు వెల్లకిలా పడుకుంటే తలనొప్పి రాదని ఇంకా చాలాచోట్ల చెబుతారు. అలా పడుకున్నంత మాత్రాన ఆ తలనొప్పి ఆగదు. సూది చేసిన రంధ్రంలోంచి వెన్నునీరు కారడమే దానికి మూలం. ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ 1898లో తన మీదే ప్రయోగం చేయించుకున్నప్పుడు ఆయన్నూ ఇదే రోజుల తరబడి వేధించింది. పెన్సిల్ మొన ఉన్న సన్నని 25 నుంచి 27 గేజ్ సూదులతో ఇప్పుడు సుమారు వందలో ఒకరికి వస్తుంది. కోసే మొన ఉన్నవాటితో అంతకన్నా ఎక్కువ. ఏ సూది వాడతారని ముందే అడగడం తప్పు కాదు. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గడం దీని లక్షణం. సాధారణంగా మూడు రోజుల్లోపే మొదలవుతుంది. నీళ్లు, పారాసిటమాల్, కాఫీ కొంత ఉపశమనం ఇస్తాయి. లొంగకపోతే తల్లి చేతి నుంచే 20 మి.లీ. దాకా రక్తం తీసి వెన్నుపొర బయట ఎక్కిస్తారు.

దీర్ఘకాలపు నడుము నొప్పిని కూడా ఈ సూది ఖాతాలో వేస్తారు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపుతుంది, అంతే. నెలల తరబడి వేధించే నొప్పి మామూలు కాన్పు అయినవారిలోనూ కనబడుతుంది. గర్భంలో సడలిన కీళ్లు, బిడ్డను ఎత్తుకునే తీరు దానికి కారణాలు.

జ్వరంతో పాటు తీవ్రమైన నడుము నొప్పి, మత్తు వదిలాక కాలు మళ్లీ బలహీనపడటం, మూత్రం పట్టు తప్పడం, కళ్లు మసకబారుతూ తలనొప్పి రావడం: వీటిలో ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చివరిది వెన్నుసూది వల్ల కాక, కాన్పు తర్వాత పెరిగిన బీపీ వల్ల కూడా రావచ్చు. ముందు బీపీ చూపించుకోండి.