ఏఐతో స్లిప్ టెస్ట్ పేపర్ తయారు చేయడం ఎలా?

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. అప్పటినుంచి టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నపత్రాలు కుప్పలు తెప్పలుగా పడుతున్నాయి, వాటితో పాటే తప్పులూ. "ఏఐతో చేశాను సార్, రెండు నిమిషాల్లో అయిపోయింది" అని గొప్పగా పంపుతారు. రెండు నిమిషాల్లో అయిపోవడమే దాని జబ్బు. పదో తరగతి విద్యుత్ పాఠం మీద ఒక స్లిప్ టెస్ట్ సక్రమంగా తయారవ్వాలంటే ముప్పావు గంట పడుతుంది. అందులో ఏఐ చేసే పని ఐదు నిమిషాలది, మిగతాదంతా మీది. అంత తీరిక లేదంటే పాత పేపర్లోంచి ప్రశ్నలు తీసి ఇచ్చేయండి, అదే నయం.

కావలసినవి ఫోను, పాఠ్యపుస్తకం, తెల్ల కాగితం, పెన్ను. చాట్‌జీపీటీ గానీ జెమినీ గానీ ఉచితంగా దొరికేది చాలు. టీచర్ల కోసమే చేశామంటూ నెలనెలా డబ్బు అడిగే యాప్‌ల జోలికి వెళ్లకండి.

ముందుగా పాఠాన్ని దానికి చూపించాలి. ఊరికే "పదో తరగతి విద్యుత్ మీద ప్రశ్నలు ఇవ్వు" అంటే మన సిలబస్‌లో లేనివీ, ఇంటర్‌లో వచ్చేవీ కలిపి ఇస్తుంది. అలాగని పుస్తకం పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి అతికించకండి. మన తెలుగు పుస్తకాలు చాలావరకు యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్లలో కూర్చినవి. కాపీ చేస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఏఐ వాటిని చూసి "నాకు అర్థం కాలేదు" అనే రకం కాదు, తోచింది ఊహించి రాసేస్తుంది. కాబట్టి పేజీలను మంచి వెలుతురులో ఫొటో తీసి ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్ ద్విభాషా పుస్తకమైతే ఇంగ్లిష్ పేజీ, తెలుగు పేజీ రెండూ ఇవ్వండి.

తర్వాత ఇలా అడగండి: "ఈ పేజీల్లో ఉన్న విషయం నుంచే నాలుగేసి ఆప్షన్లతో 10 ఒక మార్కు ప్రశ్నలు, 2 లెక్కలు తెలుగులో ఇవ్వు. సాంకేతిక పదాలు ఈ పేజీల్లో ఉన్నవే వాడు. జవాబులు ఇప్పుడే చెప్పకు." ఒక మార్కు ప్రశ్నలు ఒక్కసారికి పది దాటకూడదు. ముప్పై అడిగితే చివరి పదీ మొదటి పదినే తిరగేసి ఇస్తుంది. యూట్యూబ్‌లో ఒక పేజీ పొడవున ప్రాంప్ట్‌లు చెబుతుంటారు, "నువ్వు ముప్పై ఏళ్ల అనుభవమున్న ఉపాధ్యాయుడివి" అని మొదలుపెట్టి. దాన్ని అలా పొగిడినంత మాత్రాన పాఠం రాదు, పేజీ చూపిస్తేనే వస్తుంది.

ఇంగ్లిష్‌లో తయారు చేయించి తెలుగులోకి మార్పించే పద్ధతి కొందరిది. ఇంగ్లిష్ బాగా వస్తుంది కదా అంటారు. వస్తుంది, కానీ మార్చేటప్పుడు షరతులు రాలిపోతాయి, పుస్తకంలోని పదాలు మారిపోతాయి. "నిరోధం" అని పుస్తకంలో చదువుకున్న పిల్లకు పేపర్లో "ప్రతిఘటన" కనిపిస్తే, జవాబు తెలిసి కూడా వదిలేస్తుంది. తెలుగు మీడియం పిల్లలకు పేపర్ తెలుగులోనే పుట్టాలి.

ఇక అసలు పని. ఇక్కడే అందరూ జారిపోతారు. ప్రశ్నలు వచ్చాక జవాబులు అడగకండి. ప్రశ్నల్ని కాగితం మీదికి ఎక్కించుకుని, పిల్లల్లా కూర్చుని పేపర్ మొత్తం మీరే రాయండి. మనసులో కాదు, పెన్నుతో. అది అయ్యాకే ఏఐని కీ అడగండి. కీ ముందు చూస్తే కన్ను దానికి తల ఊపుతుంది. పక్కన "జవాబు: సి" అని ఉంటే, మనం సి ఎందుకు సరైనదో కారణాలు వెతుక్కుంటాం తప్ప ఎ ఎందుకు కాకూడదో ఆలోచించం.

రాసేటప్పుడు ప్రతి ప్రశ్న దగ్గరా, ఇంకో ఆప్షన్ కూడా సరైనది అయ్యే వీలుందా అని చూడండి. "విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పరికరం ఏది?" అని అడిగి అమ్మీటర్, వోల్ట్‌మీటర్, మల్టీమీటర్, థర్మామీటర్ అని ఇస్తుంది. కీలో అమ్మీటర్ అంటుంది. మల్టీమీటర్ కొలవదా? మల్టీమీటర్ అని పెట్టిన పిల్లవాడు తెలివైనవాడు. వాడికి సున్నా వేస్తామా?

దీనికంటే ప్రమాదం, షరతు లేని ప్రశ్న. "తీగ పొడవును రెట్టింపు చేస్తే దాని నిరోధం ఎంత అవుతుంది?" అని అడుగుతుంది. మధ్యచ్ఛేద వైశాల్యం మారకపోతే రెండు రెట్లు. అదే తీగను సాగదీసి రెట్టింపు చేస్తే అది సన్నబడి, వైశాల్యం సగమై, నిరోధం నాలుగు రెట్లు అవుతుంది. ఆప్షన్లలో రెండు రెట్లూ ఉంటుంది, నాలుగు రెట్లూ ఉంటుంది. ఏది పెట్టాలి? ప్రశ్న చదవడానికి నున్నగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఆగరు. "వైశాల్యం మారకుండా" అనో "అదే తీగను సాగదీసి" అనో మీ చేత్తో చేర్చాల్సిందే.

లెక్కలైతే సర్క్యూట్ గీసుకుని చేయండి. 4 ఓమ్‌లు, 12 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా ఉంటే ఫలిత నిరోధం 3 ఓమ్‌లు. 6 వోల్టుల బ్యాటరీ కలిపితే 2 ఆంపియర్లు. ఇలా చక్కగా తేలే అంకెలున్న లెక్కనే ఉంచండి. 5, 7 ఓమ్‌లు ఇచ్చి దశాంశాల్లోకి లాగే లెక్కల్ని కొట్టేయండి. మనం పరీక్షిస్తున్నది ఓమ్ నియమాన్ని, భాగహారాన్ని కాదు. సర్క్యూట్ బొమ్మ మాత్రం దానితో గీయించవద్దు. బ్యాటరీకి మూడు కొనలు పెట్టినా పెడుతుంది. స్కేలుతో మీరే గీయండి.

మీ జవాబుకూ దాని కీకీ తేడా వస్తే "నిజంగానా? మళ్లీ చూడు" అని మాత్రం అడగకండి. సరైన జవాబు చెప్పి కూడా, మీరు అనుమానించారని క్షమాపణ చెప్పి మార్చేసే గుణం దానికి ఉంది. తేడా ఎక్కడుందో పుస్తకం తీసి చూడండి. అప్పటికీ తేలకపోతే ప్రశ్న తీసేయండి. పదిలో రెండు మూడు పోవడం మామూలే.

కీలో అక్షరాల వరుస కూడా ఒకసారి చూడండి. బి, సి ఎక్కువగా, ఎ, డి తక్కువగా వస్తుంటే ఆప్షన్లు అటూ ఇటూ మార్చండి. సరైన జవాబే అన్నిటికంటే పొడుగ్గా ఉండటం ఇంకో జాడ. వెనక బెంచీవాళ్లు పాఠం చదవకపోయినా ఇది మాత్రం ఇట్టే పట్టేస్తారు.

మిగతాది తేలిక. వర్డ్‌లో గౌతమి ఫాంట్ పెట్టి, పీడీఎఫ్ చేసి జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లండి. వర్డ్ ఫైల్ ఇస్తే వాళ్ల కంప్యూటర్లో ఒత్తులు చెదిరిపోవచ్చు.

దిద్దడం కూడా దానికే అప్పజెబుదామని పిల్లల జవాబు పత్రాలు ఫొటో తీసి పెట్టేవాళ్లున్నారు. పేరు, రోల్ నంబరు కనిపించేలా అసలు పెట్టవద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పది ప్రశ్నల పేపర్ దిద్దడానికి ఎర్ర పెన్ను చాలు. దిద్దుతూ ఎక్కువమంది ఏ తప్పు ఆప్షన్ పెట్టారో పక్కన రాసుకోండి. మర్నాడు క్లాసులో ముందు ఆ ప్రశ్న తీసుకోండి.