పనితీరు ప్రమాణాలు రాయడం – మూడవ పాఠం: పట్టివేతల లెక్కతో వచ్చే చిక్కు

కస్టమ్స్ నిఘాకు ఒక ప్రమాణం రాయమని గత పాఠంలో అడిగితే, ఎక్కువమంది "శంషాబాద్ విమానాశ్రయంలో బంగారం పట్టివేతలు ఏటా పది శాతం పెరగాలి" అన్న ధోరణిలోనే రాసి పంపారు. అందువల్ల గోదాముల తనిఖీ పాఠాన్ని వాయిదా వేసి, ముందు ఈ సంగతి తేల్చుకుందాం. ప్రమాణానికి కొలత, గడువు, బాధ్యుడు ఉండాలన్నది మీకు తెలిసిందే.

పట్టివేతల సంఖ్యలో అధికారుల పనితో పాటు దొంగరవాణా జోరు కూడా కలిసిపోయి ఉంటుంది. 2024 జూలై బడ్జెట్‌లో బంగారంపై దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించడంతో, దొంగచాటుగా తెచ్చేవారికి మిగిలే లాభం బాగా పడిపోయింది. ఆ తరువాత పట్టివేతలు తగ్గితే, నిఘా సడలిందో, సరుకు రావడమే తగ్గిందో ఆ సంఖ్య చెప్పలేదు. పైగా దాన్నే లక్ష్యంగా పెడితే, ముఠా మూలాల దాకా వెళ్లే నెలల దర్యాప్తును వదిలేసి, తేలిగ్గా దొరికే చిన్న కేసులను పోగుచేయడానికే సిబ్బంది మొగ్గుతారు.

కాబట్టి నిష్పత్తులు రాయండి. అనుమానం ఉన్న సరుకును ముందే ఎంచే రిస్క్ మేనేజ్‌మెంట్ విధానం తనిఖీకి తీసిన 200 బిల్ ఆఫ్ ఎంట్రీలలో (దిగుమతిదారు సరుకు వివరాలతో దాఖలుచేసే పత్రాలలో) 12 తప్పులు దొరికాయనుకుందాం. అంటే 6 శాతం. ఏ అనుమానమూ లేకుండా లాటరీ పద్ధతిలో తీసిన 100లో 5 దొరికితే, ఆ ఎంపిక వల్ల దాదాపు ఏమీ ఒరగలేదు. ఆ 100లో ఒక్కటే దొరికితే, ఎంపిక ఆరింతలు మేలు. ఇంత చిన్న నమూనాతో తీర్పు చెప్పకుండా, ఏడాది పొడవునా పోగుచేసి చూడాలి. లాటరీ తనిఖీ వృథా శ్రమ అని కొందరు రాశారు. అది లేకపోతే మొత్తం సరుకులో ఉల్లంఘన ఎంతో తెలుసుకునే దారే ఉండదు.

తనిఖీ పెరిగితే సరుకు ఆలస్యమవుతుంది కనుక, విడుదల సమయాన్నీ జతచేయాలి. 2020–23 జాతీయ వాణిజ్య సౌలభ్య ప్రణాళిక దిగుమతులకు విమానాశ్రయాల్లో 24 గంటలు, ఓడరేవుల్లో 48 గంటలు లక్ష్యంగా పెట్టింది. సగటు కంటే మధ్యస్థమే, అంటే సమయాలను వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చేదే, నాకు నచ్చుతుంది. నెలల తరబడి ఆగిపోయిన సరుకును విడిగా లెక్కించాలి.

సరుకు పట్టుకున్న తరువాత యజమానికి ఇవ్వాల్సిన నోటీసుకు కస్టమ్స్ చట్టం 110(2) సెక్షన్ ఇచ్చే ఆరు నెలలు చట్టపు హద్దు మాత్రమే. ప్రమాణం దానికి లోపలే ఉండాలి; నేనైతే నాలుగు నెలలు పెడతాను.

అభ్యాసం: సనత్‌నగర్ కంటైనర్ డిపోకు మూడు ప్రమాణాలు రాయండి. అసలు పని చేయకుండానే ప్రతిదాన్నీ కాగితంపై సాధించినట్టు ఎలా చూపవచ్చో, ఆ ఎత్తును మిగిలిన రెండు ప్రమాణాలలో ఏది బయటపెడుతుందో కూడా రాయండి.