దీవిలోని చెట్లను గుర్తుపట్టడం ఎలా?

ఉష్ణమండల దీవిలో అడుగుపెట్టగానే పచ్చదనం కళ్ళను కమ్మేస్తుంది. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పేర్ల పట్టిక పట్టుకుని ఒక్కో చెట్టునూ సరిపోల్చుతూ పోతే పది నిమిషాల్లో విసుగొస్తుంది. అందుకే నేను ప్రతి చెట్టు ముందూ ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?

నడిసముద్రంలో అగ్నిపర్వతం నుంచో పగడాల నుంచో పుట్టిన దీవి మొదట్లో బోడినేల. దాని మీద ఇప్పుడున్న ప్రతి మొక్క వంశమూ ఎప్పుడో ఒకప్పుడు నీళ్ళు దాటి వచ్చిందే. అందుకు ఉన్న దారులు నాలుగు: అలలు, గాలి, పక్షి, మనిషి. వచ్చిన దారి ఆనవాళ్ళు కాయలోనూ గింజలోనూ ఆ చెట్టు నిలబడిన చోటులోనూ మిగిలే ఉంటాయి. వాటిని చదవడం తెలిస్తే పేరు తెలుసుకోవడం తేలికవుతుంది.

బయలుదేరే ముందు

ఒక నోటు పుస్తకం, పెన్సిలు, చిన్న భూతద్దం, ఫోను చాలు. వీటన్నిటికన్నా ముఖ్యం చెప్పుల అడుగులు కడుక్కోవడం. దయచేసి దీన్ని దాటవేయకండి. హవాయి దీవుల్లో ఓహియా చెట్లను చంపుతున్న శిలీంధ్రం బూట్లకు అంటిన మట్టితోనూ కొత్త చోట్లకు చేరుతుంది. తాహితి దీవికి 1937లో అందం కోసం తెచ్చిన మికోనియా అనే పెద్దాకుల మొక్క అక్కడి అడవుల్లో చాలా భాగాన్ని ఆక్రమించింది. దాని గింజలు ఇసుక రేణువులంత ఉంటాయి, బురదతో పాటు కాళ్ళకు అంటుకుని ప్రయాణిస్తాయి. దీవికి వెళ్ళే ముందు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు మరొకసారి కడగండి.

నీటి అంచున మొదలుపెట్టండి

అలలు తెచ్చి పడేసిన చెత్త ఒక గీతలా తీరమంతా కనిపిస్తుంది. ముందు అక్కడ కూర్చోండి. ఎండిన నాచు మధ్య చేతికి దొరికే గింజలను, కాయలను నీళ్ళలో వేసి చూడండి. తేలేవాటిలో చాలా వరకు సముద్రయానానికి తయారైనవే. కొబ్బరికాయ పీచు, బాదం కాయ లోపలి బెండులాంటి పొర ఉన్నది అందుకే. తేలడంతో పాటు ఉప్పునీళ్ళలో చాలా రోజులు నానినా చావకుండా ఉంటేనే ఆ ప్రయాణానికి ఫలితం.

ఇప్పుడు తల ఎత్తి చూడండి. ఇసుక మీద పొడవాటి తాళ్ళలా పాకుతూ, మేక గిట్టలా చివర చీలిన ఆకులు, ఊదారంగు గరాటు పూలు ఉంటే అది బాలబంద తీగ. జారిపోయే ఇసుకను పట్టి నిలిపేది అదే. దాని వెనక, నేల మీదికి ఊడలు దించి మూడు కాళ్ళ పీటలా నిలబడేది మొగలి. దాని ఆకుల అంచున ముళ్ళుంటాయి, జాగ్రత్త. మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మనం మెచ్చుకునే ఆ ఘుమఘుమ మగ పొత్తిది. అనాసలా కనిపించే కాయ ఆడ చెట్టుది.

పొన్నను గుర్తుపట్టాలంటే ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. నడిమి ఈనె నుంచి రెండు వైపులా సన్నని ఈనెలు దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా, సమాంతరంగా సాగుతాయి. ఒక్కసారి చూసిన వారు మళ్ళీ పొరబడరు. బాదం చెట్టుకు కొమ్మలు అంతస్తులుగా విచ్చుకుంటాయి, రాలబోయే ఆకులు ఎర్రబడతాయి. గంగరావికి హృదయాకారపు ఆకు, నడుమ ముదురు ఎరుపు మచ్చ ఉన్న పసుపు పువ్వు. ఈ చెట్టు ఎక్కడుందో పుస్తకంలో రాసుకోండి, సాయంత్రం మళ్ళీ రావాలి.

కొబ్బరి దగ్గర మాత్రం తొందరపడకూడదు. సముద్రం తెచ్చిందీ ఉంటుంది, మనిషి నాటిందీ ఉంటుంది. వరుసలు తీరి, ఒకే ఎడంతో ఉంటే అది తోట.

తీరంలో బురద ఉన్న వైపు మడ చెట్లుంటాయి. కొన్నింటికి విల్లులా వంగిన ఊతవేళ్ళు, కొన్నింటికి బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చే శ్వాసవేళ్ళు. ఊతవేళ్ళ రకానికి కొమ్మల నుంచి పచ్చని కడ్డీలు వేలాడుతుంటే అవి కాయలని అనుకోకండి, తల్లి మీద ఉండగానే మొలకెత్తిన పిల్లలు.

తెలియనిది నోట పెట్టకండి

పక్షి తిన్నది మనిషి తినవచ్చన్న మాట నమ్మదగినది కాదు. కరీబియన్ దీవుల తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంది. చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయ, తీయని వాసన. కొరికితే నోరు, గొంతు కాలిపోతాయి. పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా అంతే. మడల్లో పెరిగే తిల్ల చెట్టు పాలు కళ్ళలో పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. జమైకా జాతీయ ఫలమైన అకీని కూడా కాయ చెట్టు మీదే తనంతట విచ్చుకున్నాకే కోయాలి. పచ్చిది విషం.

బొప్పాయికీ దేవగన్నేరుకూ పాలు కారతాయి కాబట్టి పాలున్న ప్రతిదీ ప్రాణాంతకమని కాదు. అయినా పేరు తేలేవరకు కొమ్మ విరవకండి. రాలిన ఆకు చూస్తే సరిపోతుంది.

లోపలికి నడవండి

తీరం దాటితే అలల పని అయిపోయింది. ఇక్కడ గాలి, పక్షులు తెచ్చినవి మొదలవుతాయి. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలి దీవి మీద పచ్చదనమంతా నాశనమైంది. మూడేళ్ళకు, 1886లో, వృక్షశాస్త్రజ్ఞుడు ట్రూబ్ అక్కడ తిరిగినప్పుడు లోపలి వాలుల మీద ఎక్కువగా ఉన్నవి ఫెర్న్ మొక్కలు. ధూళి లాంటి వాటి సిద్ధబీజాలు గాలిలో వచ్చాయి. తీరాన మాత్రం కడలి తెచ్చిన మొక్కలే. మీరు నడిచే దారిలోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఫెర్న్ ఆకు వెనక్కి తిప్పి గోధుమరంగు చుక్కలను భూతద్దంతో చూడండి. చెట్ల మానుల మీద కూర్చున్న ఆర్కిడ్లవీ పిండి లాంటి గింజలే.

చిన్నగా, రసంతో, ఎర్రగానో నల్లగానో ఉండే పండ్లు సాధారణంగా పక్షుల కోసం. కొన్ని గింజలు కడుపులో కాక ఈకలకు అంటుకుని వస్తాయి. పగడపు దీవుల్లో పెరిగే పిసోనియా గింజల జిగురు ఎంత గట్టిదంటే, ఒక్కోసారి సముద్రపక్షులు వాటిలో చిక్కుకుని ఎగరలేక చనిపోతాయి.

మనిషి చేతిని వెతకండి

ఇళ్ళ దగ్గరి పండ్ల చెట్లలో చాలా వరకు ఎవరో ఒకరు మోసుకొచ్చినవే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం సీమపనస. దీని ఆకు పెద్దది, వేళ్ళు చాచిన చేయిలా చీలి ఉంటుంది, కాయలు కొమ్మల చివర కాస్తాయి. పనసకు చీలిక లేని చిన్న ఆకు, కాయలు మాను మీదే. సీమపనసలో ఎక్కువగా పెంచే రకాలకు గింజ ఉండదు. గింజ లేని చెట్టు తనంతట సముద్రం ఎలా దాటుతుంది? పడవల్లో వేరు పిలకలతో పసిఫిక్‌లోని ఎన్నో దీవులకు దాన్ని చేర్చింది అక్కడి నావికులైన పాలినీషియన్లు. తర్వాత బ్రిటిష్ నావికుడు బ్లై తాహితి నుంచి వెయ్యికి పైగా మొక్కలతో బయలుదేరితే 1789లో బౌంటీ ఓడలో తిరుగుబాటు జరిగింది, మొక్కలన్నీ సముద్రం పాలయ్యాయి. రెండో ప్రయత్నంలో 1793లో కొత్త మొక్కలు కరీబియన్ దీవులైన సెయింట్ విన్సెంట్, జమైకాలకు చేరాయి. చెరకు తోటల్లో బానిసలకు చవకగా తిండి పెట్టడం దాని వెనకున్న ఉద్దేశం.

వనిల్లా తీగ కనబడితే కాసేపు ఆగండి. మెక్సికో నుంచి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చిన ఈ ఆర్కిడ్ పూసేది కానీ కాసేది కాదు. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస బాలుడు పువ్వులోని పలుచని పొరను సన్నని పుల్లతో ఎత్తి, పుప్పొడిని బొటనవేలితో నొక్కితే కాయ కడుతుందని చూపించాడు. నేటికీ తోటల్లో చేసేది అదే పని, పువ్వు విచ్చిన పూటే. కాయలు గుత్తిగా ఉన్నాయంటే అన్ని పూలనూ ఎవరో తాకారన్నమాట.

తనంతట ఏ దారినా ప్రయాణించలేనిదీ ఒకటుంది. సేషెల్స్‌లోని ప్రాలిన్, క్యూరియూజ్ దీవుల్లో మాత్రమే సహజంగా పెరిగే జంట కొబ్బరి. దాని గింజ ప్రపంచంలోకెల్లా పెద్దది, ఇరవై కిలోలు దాటవచ్చు. మొలకెత్తే గింజ నీట మునుగుతుంది, లోపల కుళ్ళి డొల్లైందే తేలుతుంది. కాబట్టి ఎన్ని తీరాలకు కొట్టుకుపోయినా ఎక్కడా మొలవలేదు.

పువ్వును రెండుసార్లు చూడండి

కాగితం పూలలో రంగురంగుగా ఉన్నవి రేకులు కావు, ఆకులే. అసలు పువ్వు వాటి నడుమ తెల్లగా, చిన్నగా ఉంటుంది. దేవగన్నేరు రాత్రివేళ ఎక్కువ వాసన వేస్తుంది. తేనె లేకపోయినా ఆ వాసనతోనే చిమ్మటలను రప్పించుకుంటుంది.

ఫొటో తీస్తే ఒకటి చాలదు: ఆకు ముందు, వెనక, కొమ్మకు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా లేదా, బెరడు, మొత్తం చెట్టు. కొలత కోసం పక్కన పెన్సిలు పెట్టండి. మొక్కలను గుర్తించే ఫోను యాప్ చెప్పే పేరును పెన్సిలుతో రాసుకుని, ఆకూ కాయా సరిపోలాకే ఖాయం చేయండి.

ఇక వెనుదిరిగేటప్పుడు ఆ గంగరావి దగ్గర ఆగండి. పొద్దున పసుపుగా ఉన్న పువ్వు వాడిపోతూ ఊదా కలిసిన గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. పుస్తకంలో పసుపు అని రాసిన చోట, పక్కనే ఈ రంగునూ సమయాన్నీ రాసుకోండి.